గదికో పొయ్యి

మా మామ కొండ మీద దొరల ఇల్లు కొన్నాడన్న సంగతి శృంగవరపుకోట బజారంతటికీ తెలిశాక మా అత్తకి తెలిసింది. అదీ మామ చెబితే కాదు, పెరుగమ్మే మనిషి చెబితే. ఆ మధ్యాహ్నం మామకి అన్నం వడ్డించి, మజ్జిగ పోసేదాకా ఊరుకుని, అప్పుడు అడిగింది.

"పెంకుటిల్లా, మేడా?"

"మేడే. ఇటిక మేడ," అన్నాడు మామ తలెత్తకుండా.

"అయితే నాను రాను. మేడంటే మెట్లుంటాయి. మెట్లు గుడికుండాల గానీ ఇంటికేటి?"

మామ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ నెల తిరగకుండానే అందరం బళ్లెక్కాం. రానన్న అత్తే అందరికన్నా ముందు బండెక్కింది, తన రుబ్బురోలు పక్కన తనే కూర్చోవాలని.

జర్మనీ యుద్ధం ముగిసి అప్పటికి కొన్నేళ్లయింది. మామది కొండ సరుకు వ్యాపారం. చింతపండు, పసుపు, తేనె, చీపుళ్లు కిందికి దింపడం, ఉప్పు, కిరసనాయిలు, చీరలు పైకి ఎక్కించడం. ఘాటీ రోడ్డు మీద ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోయాయని, సరుకున్న చోటే మనిషీ ఉండాలని ఆయన వాదన. ఇంట్లో ఉన్నది అత్తా మామా, మా ఆయనా నేనూ, మా మరిదీ అతని భార్యా. తోడికోడలు కాపురానికి వచ్చి కొద్ది నెలలే. నన్ను అక్క అన్నట్టు "అప్పా" అని పిలిచేది. చలి అన్నది ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తెలియదు.

అనంతగిరి దాటాక అరకు వైపు దిగుతూ ఒక మలుపు తిరిగామో లేదో, ఎదుటి గుట్ట మీద ఎర్రగా, నిటారుగా కనిపించింది ఇల్లు. చుట్టూ మరో గోడ లేదు, మరో కప్పు లేదు. ఒంటరిగా, ఎవరితోనో పోట్లాడి వచ్చి నిలబడ్డట్టుంది.

"ఇరుగూ పొరుగూ నేని ఇల్లు," అంది అత్త బండిలోంచే. "అగ్గి కావాలంటే ఎవుర్ని అడగాల?"

ఆ ఇల్లు కట్టించినవాడు కాఫీ తోట దొర. ఇంగ్లండు రాణి ముసలిదై ఇంకా బతికున్న రోజుల్లో వచ్చాడట. తను పుట్టిన ఊళ్లో తన ఇల్లు ఎలా ఉండేదో అచ్చంగా అలాంటిదే కావాలని పంతం పట్టి, ఆ ఇంటి పటం తెప్పించుకున్నాడు. లోయలో బంకమన్ను చూసి, కింద నుంచి మనుషుల్ని తెచ్చి, అక్కడే బట్టీ పెట్టి ఇటుక కాల్పించాడు. మిగతా దొరలంతా బంగళాలకి చుట్టూ వరండాలు వేసుకుంటే ఈయన వేసుకోలేదు. వాళ్ల ఊళ్లో ఎండ ఉండదు కాబట్టి వరండా ఉండదు. వాళ్ల ఊళ్లో లేదు కాబట్టి ఇక్కడా లేదు. పైకప్పు కూడా రెండు చేతులూ జోడించినట్టు ఏటవాలుగా ఉండేది. ఆకాశంలోంచి మంచుగడ్డలు పడితే జారిపోవడానికట. అరకులో మంచుగడ్డలు పడవు. కోతులు మాత్రం ఎక్కేవి. ఎక్కినంత వేగంగా జారి కిందికి వచ్చి, ఏమైందో తెలియక మళ్లీ ఎక్కేవి. మొదటి వారమంతా మా మరిది పని మానుకుని అదే చూశాడు.

చూరు అంచున చెక్కతో అల్లిన జాలరు ఉండేది, పెళ్లి పందిరికి కట్టినట్టు. వాకిలి పైన కాల్చిన మట్టితో చేసిన సింహం తల. అత్త గడప దాటకముందే ఆ సింహానికి కుంకం పెట్టమని మా ఆయన్ని నిచ్చెన ఎక్కించింది. వీధి తలుపులో రంగుటద్దాలు. పొద్దుటెండ పడిందంటే హాలు నేల మీద ఎరుపూ ఆకుపచ్చా నీలమూ ముక్కలు ముక్కలుగా పరుచుకునేవి. తోడికోడలు మొదటి రోజు వాటిని తొక్కకుండా గెంతుకుంటూ నడిచింది. ముగ్గు అనుకుంది.

ఇంటికి అరుగు లేదు. ఇది మామకి పెద్ద దెబ్బ. అరుగు లేకపోతే షావుకారు ఎక్కడ కూర్చోవాలి, వచ్చినవాళ్లు ఎక్కడ నిలబడాలి? దానికి దారి ఆయనే కనిపెట్టాడు. ముందుగదికి ఒక కిటికీ ఉండేది. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి, మూడు వైపులా అద్దాల తలుపులతో, లోపల మనిషి కూర్చునేంత చోటుతో. దొరసాని అక్కడ కూర్చుని కుట్టుకునేదట. మామ అందులో పరుపు వేసి, తాసు వేలాడదీసి, ఉప్పు బస్తా ఒక పక్కా కిరసనాయిలు డబ్బా ఒక పక్కా పెట్టుకుని కూర్చున్నాడు. సంతకి వచ్చిన కొండవాళ్లు మూడు వైపుల నుంచీ అద్దాల్లోంచి ఆయన్ని చూసేవారు. ఊరేగింపు రథంలో ఉత్సవ విగ్రహంలా ఉండేవాడు. వ్యాపారం బాగా పెరిగింది. ఉప్పు అక్కర్లేనివాళ్లు కూడా చూడ్డానికి వచ్చి, చూశాక ఊరికే వెళ్లడానికి మొహమాటపడి కొంచెం కొనుక్కునేవారు.

వంటింట్లో దొరల పొయ్యి ఇనుముతో చేసింది. తలుపులూ గొళ్లేలూ ఉన్న బీరువాలా, నా నడుమెత్తు ఉండేది. దాని ముందు నిలబడి వండాలి. అత్త పుట్టి బుద్ధెరిగాక నిలబడి వంట చేసిన మనిషి కాదు. ఒక పూటంతా ఆలోచించి, ఆ ఇనప్పొయ్యి నెత్తి మీద మట్టితో తన పొయ్యి తను వేసుకుంది. దాని పక్కనే పీట వేసుకుంది. స్టూలెక్కి, ఇనప్పొయ్యి మీదికెక్కి, పీట మీద బాసింపట్టు వేసుకుని వండేది. కూరలు తరిగి కింద నుంచి మేం అందించాలి. "ఒలే, ఉప్పందుకో," అని పైనుంచి కేకేసినప్పుడల్లా తోడికోడలు పమిట నోట్లో కుక్కుకునేది.

ఇదంతా ఒక ఎత్తు. మిగతా గదుల్లో మేం చూసింది ఒక ఎత్తు.

ఏ గదిలోకి వెళ్లినా గోడలో ఒక గూడు ఉంది. చుట్టూ నల్లరాతి చట్రం, కింద ఇనప జల్లెడ, లోపల మసి. పైకి తొంగిచూస్తే బావిలోకి తలకిందులుగా చూసినట్టు చీకటి. అత్త ఒక్కొక్క గదే తిరిగింది. హాల్లో ఒకటి. ముందుగదిలో ఒకటి. మేడ మీద మా గదిలో ఒకటి, తోడికోడలి గదిలో ఒకటి. తిరిగి తిరిగి మెట్ల మీద కూలబడింది.

"పొయ్యిలే. ఇల్లంతా పొయ్యిలే," అంది. "ఒక ఇంటికి ఒక పొయ్యుంటాది. రెండో పొయ్యి ఎలిగిందంటే అన్నదమ్ములు ఏరుపడ్డట్టే. ఇన్ని పొయ్యిలేటి? ఈ దొర ఇంట్లో ఎవురికి వారే ఏరుపడిపోనారు కాబోలు. మొగుడికో పొయ్యి, పెళ్లానికో పొయ్యి!"

మామ అవి వంటకి కాదని, చలి కాచుకోవడానికని చెప్పాడు. అత్త నమ్మలేదు. చలి కాచుకోడానికి మనిషి పొయ్యి కట్టుకుంటాడా, కుంపటి పెట్టుకుంటాడు గానీ, అంది.

పక్క పల్లె నుంచి పనికి వచ్చే ముసలామె ఒకామె ఉండేది. వయసులో ఉండగా దొరసాని దగ్గర పనిచేసిందని ఆమెను సాక్షికి పిలిచారు. ఆమె గూటి ముందు నిలబడి, గడ్డం గీరుకుని, తడుముకోకుండా చెప్పింది.

"ఇది కుక్కది, సావుకారమ్మా."

"కుక్కదేటి?"

"దొర కుక్క ఎప్పుడూ ఇక్కడే పడుకునీది. దానికి సలి ఏస్తాదని దొర మంట ఎట్టీవోడు. కుక్క కోసరమే కట్టించినాడు."

"గదికో కుక్కా?"

"ఒకటే కుక్క. అది ఏ గదిలోకి ఎల్తే ఆ గదిలో ఎట్టీవోడు."

దీంతో అత్తకి ఉన్న కాస్త గౌరవమూ పోయింది. ఆ సాయంత్రమే గూళ్లన్నిట్లో గోనెసంచులు కుక్కించి, పైన పేడ కలిపిన మట్టితో పూత పూయించింది. వంటింటి పొయ్యి ఒక్కటే ఇంటికి పొయ్యి.

నాకు మాత్రం ఆ ఇల్లు మొదటి రోజు నుంచే నచ్చింది. ఎవరితోనూ అనలేదు. శృంగవరపుకోటలో మా ఇంట్లో గదికి తలుపుండేది కాదు, తెరుండేది. మా ఆయనతో నేను మాట్లాడిన మాటలన్నీ ఇంటిల్లిపాదీ విన్నవే. ఇక్కడ మేడ మీద గదికి దళసరి తలుపు, ఇత్తడి పిడి. మొదటిసారి ఆ తలుపు మూసుకున్నాక మా ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తోచలేదు. చాలాసేపు అటొకరూ ఇటొకరూ కూర్చున్నాం. చివరికి మా ఆయన, "కోతి ఇంకా జారతన్నాదా?" అన్నాడు. నవ్వు ఆగలేదు. తలుపు మూసుంది కదా అని గట్టిగానే నవ్వాను.

మార్గశిరం వచ్చేసరికి చలి మొదలైంది. ఇటుక గోడలు రాత్రంతా చలి తాగి పగలంతా కక్కేవి. కప్పు ఎత్తు కాబట్టి ఉన్న కాస్త వెచ్చదనమూ పైకి పోయేది. కొండ పల్లెల్లో చిన్న చిన్న గుడిసెలు, మధ్యలో నెగడు, వాళ్లు హాయిగా ఉన్నారు. మేం ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని ముక్కులు ఎర్రబడి తిరిగేవాళ్లం. అత్త తన పొయ్యి పక్కన ఎత్తు మీద కూర్చునేది కాబట్టి ఆమెకి తెలిసేది కాదనుకున్నాం.

తోడికోడలికి ఆ చలిలోనే నెల తప్పింది. ఏం తిన్నా ఇమడదు. పొద్దున్నే లేవగానే వణుకు. ఒక రోజు తెల్లవారాక నేను ఆమె గదిలోకి వెళితే, గూటిలో మట్టిపూత ఊడగొట్టి, గోనెసంచి లాగి పక్కన పడేసి, చితుకులు పేర్చి మంట వేసుకుని కూర్చుంది. మంట ముందు చిన్న సత్తు గిన్నె. గదంతా కమ్మటి వాసన.

"ఏటే ఇది?"

"కాఫీ, అప్పా. పని ముసలామె గింజలు తెచ్చిచ్చింది. దొర తోటలో ఇంకా కాత్తన్నాయట. ఇదొక్కటే కడుపులో నిలుత్తంది." గ్లాసు నా వైపు జరిపింది. "తాగు. బేగి తాగు, సల్లారిపోతాది."

తాగాను. చేదుగా, వేడిగా, గొంతులోంచి అరికాళ్ల దాకా దిగింది. గూటిలో మంట ఎంత బాగా మండుతోందో! పొగ ఒక్క పోగు కూడా గదిలోకి రావడం లేదు. అంతా పైకి లాక్కుపోతోంది. దొర మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే ఆమె గదికి వెళ్లేదాన్ని. మగవాళ్లిద్దరూ అప్పటికే మెట్లు దిగి వెళ్లి సరుకు దింపుకుంటూ ఉండేవారు. మంట ఆరాక గోనెసంచి మళ్లీ గూటికి అడ్డం పెట్టేసేవాళ్లం. తలుపు మూస్తే వాసన బయటికి రాదు. మా ఇద్దరికీ తట్టనిది ఒక్కటే. గదిలోకి రాని పొగ ఎక్కడికో పోవాలి కదా.

మా ఇల్లు గుట్ట మీద ఉంది. ఇంటి పొగగొట్టాలు కప్పు కంటే ఎత్తు. లోయలో ఏ మూల నుంచి చూసినా ముందు అవే కనబడతాయి. ఒక సంత రోజు పొద్దున్న, మంచు విడిపోయి ఎండ తగిలిన వేళ, నాలుగు దిక్కుల నుంచీ దిగి వస్తున్న జనమంతా చూశారు. వంటింటి గొట్టంలోంచి ఒక పొగ. మేడ మీద గొట్టంలోంచి ఇంకో పొగ.

మామ యథాప్రకారం అద్దాల కిటికీలో కూర్చున్నాడు. మొదట వచ్చిన పసుపు రైతు తాసు వైపు చూడకుండా ఆయన మొహంలోకి చూశాడు.

"ఏడవకు, సావుకారీ," అన్నాడు.

"నానెందుకేడుత్తాను?"

"అన్నదమ్ములన్నాక తప్పదు."

మామకి అర్థం కాలేదు. తర్వాత వచ్చిన ఆడమనిషి ఉప్పు కొని, తను తెచ్చిన అరటిపళ్లలోంచి నాలుగు ఊరికే ఇచ్చింది. కష్టంలో ఉన్న ఇంటికి ఉత్త చేతుల్తో రాకూడదట. కాసేపటికి కింది నుంచి వచ్చిన బట్టల వ్యాపారి ఒకడు వచ్చి, "చిన్నోడు ఏరు పొయ్యి ఎట్టీసినాడంట కదా," అని సూటిగా అడిగేశాడు. మామ కాదన్నాడు. బట్టల వ్యాపారి ఆయన చెయ్యి పట్టుకుని కిటికీలోంచి బయటికి లాగి, మెడ పైకెత్తించి చూపించాడు.

"నిప్పు నేకుండా పొగొత్తాదేటి?"

మామ లోపలికి వచ్చి మరిదిని పిలిచాడు. మరిదికి ఏమీ తెలియదు. అత్తని పిలిచాడు. అత్త ఇనప్పొయ్యి దిగి, మెట్లు ఎక్కింది. ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె మెట్లెక్కడం రెండోసారి. గది తలుపు తోసింది. తోడికోడలూ నేనూ మంట ముందు, చేతుల్లో గ్లాసులు.

అత్త మంటను చూసింది. మమ్మల్ని చూసింది. గ్లాసులో ఏముందో చూసింది. మేం తిట్లకి సిద్ధపడి కూర్చున్నాం. ఆమె రెండు చేతులూ చాచి మంట దగ్గర పెట్టి, వేళ్లు కాచుకుంది. తర్వాత, "ఆర్పీయండి. జనం సూత్తన్నారు," అని దిగి వెళ్లిపోయింది.

ఆర్పేశాం. కానీ మాట అప్పటికే ఘాటీ దిగిపోయింది. బట్టల వ్యాపారి కోట చేరిన రోజే ఇంటింటికీ చేరింది. కోటలో అత్తకి అన్నగారు ఉండేవాడు. ఆస్తి పంపకాలంటే ఆయనకి పెళ్లి భోజనంతో సమానం. ఆ చుట్టుపక్కల ఆయన పంచని పొలం లేదు, కొలవని పెరడు లేదు. ముడులు వేసిన కొలతాడు ఒకటి భుజాన ఎప్పుడూ ఉండేది. వచ్చే సంత ముందు రోజుకల్లా ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని బండి దిగాడు.

"ఎవురు సెప్పినారు నీకు? ఏరుపడ్డం నేదు, ఏటీ నేదు," అంది అత్త.

"నాకు సెప్పకపోయినా పర్వానేదు," అన్నాడాయన బాధగా. "ఇంత దూరం వచ్చినాం. కొలిసి ఎల్తాం. ఇప్పుడు కాకపోతే తరవాతైనా పనికొత్తాది."

హాల్లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టాం. అప్పటిదాకా మా ఆయనకీ మరిదికీ పంపకం అన్న ఊహే లేదు. కలిసి సరుకు దింపుకునేవారు, ఒకే పళ్లెంలో తినేవారు. కానీ వాళ్ల మేనమామ తాడు పట్టుకుని గోడ వెంట నడుస్తుంటే చూసి, ఇద్దరికీ ఎక్కడో కదిలింది.

"పైదంతా పెద్దోడికి, కిందదంతా సిన్నోడికి," అన్నాడు మేనమామ.

"మరి మెట్లో?" అన్నాడు మా ఆయన.

"మెట్లు కింద మొదలవుతాయి గదా. నావే," అన్నాడు మరిది.

"మరి నాను పైకెలా ఎక్కాల?"

"నిచ్చెనేసుకో."

మేనమామ వాళ్లని ఆపి, ఇల్లు నిలువునా కోసి పంచుదామన్నాడు. అప్పుడు వీధి తలుపు చెరిసగం వస్తుంది. ఎర్ర అద్దాలున్న సగం నాదంటే నాదని ఇద్దరూ పట్టుకున్నారు. అద్దాల కిటికీ కూడా సగానికి పోతుంది. ఒక పక్క నుంచి అన్నా, ఇంకో పక్క నుంచి తమ్ముడూ ఉప్పు అమ్ముకోవచ్చు.

"నానెక్కడ కూకోవాల?" అన్నాడు మామ.

"మజ్జిలో," అన్నాడు మేనమామ.

తోడికోడలు తలుపు చాటున నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొదట ఇద్దరం నవ్వుతున్నాం. కానీ అన్నదమ్ముల గొంతులు పెరిగేసరికి ఆమె నవ్వు ఆపేసింది. ఒక మంట ముందు కూర్చుని ఒక గ్లాసు కాఫీ తాగినందుకు ఇల్లు నిలువునా చీలిపోతుందా అని నాకూ భయం వేసింది. నేనే లోపలికి వెళ్లి జరిగింది చెప్పేద్దామని అడుగు వేశాను. అంతలో అత్త వంటింట్లోంచి వచ్చింది.

"మరి నానెవురి వాటా?" అంది.

అన్నదమ్ములిద్దరూ నేల చూపులు చూశారు. ఒకడు ముందు మాట్లాడతాడేమోనని ఇంకొకడు ఆగాడు. పెద్దమనుషులు దగ్గారు. మేనమామ తాడు చుట్టుకుంటూ, "తల్లి వంటింటితో పాటు వత్తాది," అని తీర్పు చెప్పాడు.

"నాకే!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అత్త కొడుకులిద్దర్నీ పైనుంచి కింద దాకా చూసి, అన్నగారి వైపు తిరిగింది.

"రేపు సంత. లోయలో ఉన్నోళ్లందరూ మన గొట్టాలకేసే సూత్తారు. పొద్దున్నే ఇంట్లో ఉన్న గూళ్లన్నీ ఇప్పించి, అన్నిట్లోనూ మంట ఎట్టిత్తాను. రెండు పొగలొత్తే ఇద్దరు కొడుకులు ఏరుపడ్డారంటారు గదా. అన్ని గొట్టాల్లోంచీ పొగొత్తే ఏటంటారో సూద్దాం. ఎవురికెవురికి పంచినట్టు? కుక్కకో వాటానా?"

మేనమామ తాడు భుజాన వేసుకుని, తెల్లారి చూద్దామన్నాడు.

మర్నాడు పొద్దున్నే పని ముసలామె, తోడికోడలూ, నేనూ గూళ్లకి పూసిన మట్టి గీకి, గోనెసంచులు లాగి, కట్టెలు పేర్చాం. అత్త తన పొయ్యిలోంచి నిప్పు తెచ్చి ఒక్కొక్కటే ముట్టించింది. మేడ మీదవి చక్కగా అందుకున్నాయి. ముందుగదిదీ అందుకుంది. సంత దారిలో జనం ఆగిపోయి, నుదుట చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఆఖరున హాల్లోది ముట్టించింది. మేనమామా పెద్దమనుషులూ దాని ఎదురుగానే చాప మీద కూర్చున్నారు. బయట చలి. మంట వెలిగేసరికి ముగ్గురూ మోకాళ్లు ముందుకి జరుపుకున్నారు.

పొగ పైకి పోలేదు. గూటిలోంచి సుడి తిరిగి హాల్లోకి వచ్చింది.

"గొట్టానికేటో అడ్డం పడింది," అన్నాడు మేనమామ. ఇళ్లు కొలిచినవాడు కాబట్టి ఇళ్ల సంగతి తనకి తెలుసనుకున్నాడు. మంట ఒక పక్కకి తోసి, తలపాగాతో సహా తల గూటిలోకి పెట్టి పైకి చూశాడు. పైనుంచి ఏదో గురగురమని వినపడింది.

"ఏటో సప్పుడవుతున్నాది," అన్నాడు లోపలి నుంచి. తర్వాత, "ఏటో కారతన్నాది," అన్నాడు. తర్వాత, "తియ్యగా ఉన్నాది," అన్నాడు. ఆ తర్వాత ఆయన అన్నది రాయదగ్గది కాదు.

ఎన్నేళ్లుగానో మంట ఎరగని గొట్టం అది. మన పుట్టల్లోనూ చెట్టు తొర్రల్లోనూ పట్టు పెట్టే చిన్న తేనెటీగలు దాన్ని సొంతం చేసుకుని, మనిషెత్తు పట్టు పెట్టుకున్నాయి. వేడికి మైనం కరిగి తేనె జారింది. పొగకి ఈగలు కదిలాయి. మేనమామ తల బయటికి తీసేసరికి తలపాగా నుంచి మీసాల దాకా తేనె, ఆ తేనె మీద ఈగలు. పెద్దమనుషుల్లో ఒకాయన చింతపండు నిలవుంచిన నేలకొట్లోకి దూరి తలుపు వేసుకున్నాడు. రెండో ఆయన మెట్లు ఎక్కాడు. అవి ఎవరి మెట్లని అడిగేవాళ్లు లేరు. మేనమామకి వీధి తలుపు కనబడలేదు. మామ కూర్చున్న అద్దాల కిటికీలోంచి, ఉప్పు బస్తా మీదుగా, తాసుని మెడలో వేసుకుని, సంత జనం మధ్యలోకి దూకాడు.

మేం ఆడవాళ్లం వంటింట్లోకి పరిగెత్తి తలుపు వేసుకున్నాం. అత్త ఇనప్పొయ్యి ఎక్కి కూర్చుంది. అప్పుడు ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. పెళ్లయిన రెండేళ్లలో అత్త అలా నవ్వగా నేను చూడలేదు. కళ్ల నీళ్లు తుడుచుకుని, "తియ్యగా ఉన్నాదన్నాడు గదే!" అని మళ్లీ నవ్వింది.

బయట పల్లెల వాళ్లు ఏం చెయ్యాలో ఒకరికొకరు చెప్పుకోకుండానే చేసేశారు. ఈగలు సర్దుకునేదాకా ఆగి, అడ్డాకులతో దొప్పలు కుట్టి పట్టుకొచ్చి, గూటి ముందు వరసన కూర్చున్నారు. పట్టు పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. మామ అలవాటుకొద్దీ తాసు కోసం వెతికాడు. అది మేనమామ మెడలోంచి తీస్తున్నారు. అత్త వచ్చి, "ఇంటి తేనె తూకమేటి?" అని ఆయన్ని పక్కకి తప్పించి, వచ్చిన ప్రతి దొప్పలోనూ తనే గరిటెతో పోసింది. ప్రతి ఏడూ మాకు తేనె తెచ్చిచ్చే ఒకాయన దొప్ప ఖాళీ చేసి, నాలుక చప్పరించి, "బాగుంది, సావుకారీ. వచ్చే ఏడు మీకాడే కొంటాం," అన్నాడు. మామ ఆ మాటని చాలాకాలం మనసులో పెట్టుకున్నాడు.

మేనమామ మొహం గుమ్మడికాయంత అయింది. పెదాలు వాచిపోయి మాట పెగల్లేదు. పంచేవాడికి నోరు లేకపోతే పంపకం సాగదు కదా. సున్నం రాసి, పసుపు పట్టించి, మేడ మీద మా గదిలో పడుకోబెట్టాం. మా ఆయనా మరిదీ వంతులేసుకుని ఆయనకి గంజి పోశారు. మేనమామ కంట్లో నీళ్లు చూసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాపుకోలేక బయటికి వచ్చేసేవారు. మెట్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వాపు తగ్గాక ఆయన బండెక్కుతూ ఒక్క మాట మాత్రం అన్నాడు.

"ఈ ఇల్లు పంచడం నా వల్ల కాదు."

ఆ మాట ఘాటీ దిగి కోటంతా పాకింది. ఆయన నోటి నుంచి అలాంటి మాట అంతకుముందెప్పుడూ రాలేదట. మా మామకి ఊరికే ఇంత పేరు వచ్చింది.

ఆ చలికాలం మిగిలిన రోజులన్నీ గూళ్లలో మంటలు మండుతూనే ఉన్నాయి. అయితే అత్త ఒక కట్టుబాటు పెట్టింది. మంట ఎక్కడైనా పెట్టుకోవచ్చు గానీ అన్నం ఉడికేది మాత్రం తన పొయ్యి మీదే. కాఫీ అన్నం కిందికి రాదని తనే తేల్చుకుంది. పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, తోడికోడలి మంచం పక్కన కూర్చుని, గ్లాసు కొంగుతో పట్టుకుని తాగేది. పాలు ఎక్కువ పోయమనేది.

వానాకాలానికి తోడికోడల్ని పురిటికి పుట్టింటికి పంపాలి. బండి కూడా మాట్లాడారు. కానీ ఆ ఏడు వానలు వదల్లేదు. ఘాటీలో కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయింది. తొలి కాన్పు పుట్టింట్లో కాకుండా ఎలా అని అత్త రెండు పూటలు గొణిగి, మూడో పూటకి మేడ మీద గది కడిగించింది. పని ముసలామే మంత్రసాని. గూటిలో పొద్దస్తమానం మంట. దాని చుట్టూ తడిబట్టలు ఆరేసి ఉండేవి. వెలుతురు మసకబడే వేళకి పిల్ల ఏడుపు వినపడింది. మెట్ల కింద మామా, మా ఆయనా, మరిదీ ముగ్గురూ నిలబడి ఉన్నారు. పైకి రావడానికి వాళ్లకి అనుమతి లేదు. నేను తలుపు తీసి వెళ్లి చెప్పాను.

"ఆడగుంట పుట్టింది."

మరిదికి ఏం చెయ్యాలో తోచలేదు. కింద ఉన్న కట్టెలన్నీ ఎత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అత్త గదిలోంచి కేకేసింది.

"అక్కడే ఎట్టు. సాలు, ఎచ్చగానే ఉన్నాది."